తీసుకోని అప్పుకు రికవరీ ఫోన్లు వస్తుంటే ఎవరికి, ఏమని జవాబివ్వాలి

మీరు అడిగినదాని సారాంశం ఇది. మారతహళ్ళిలో అద్దెకు ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న మీకు కొన్ని వారాలుగా రికవరీ ఏజెంట్లమంటూ ఫోన్లు వస్తున్నాయి. మొదట మీ పాత రూమ్మేట్ పేరు చెప్పి అతను ఎక్కడున్నాడని అడిగారు, తరువాత అతని అప్పుకు మీరే బాధ్యులన్నారు, ఇప్పుడు 46,000 రూపాయల బాకీ మీ పేరు మీదే ఉందంటున్నారు. కదిరిలో ఉన్న మీ నాన్నగారికి కూడా ఫోన్ చేశారు. వాట్సాప్‌లో ఒక లాయరు నోటీసు పంపి, 5,000 కడితే ఫైలు మూసేస్తామని చెబుతున్నారు. మీరు ఏ అప్పూ తీసుకోలేదు కనుక, ఆ ఐదు వేలు పడేసి పీడ వదిలించుకోవాలా, లేక నంబరు మార్చేయాలా అన్నది మీ సందేహం.

రెండూ చేయవద్దు. బ్యాంకు అప్పుల విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి, ఇప్పుడు బెంగళూరులో ఇటువంటి ఫిర్యాదులు రాసిపెట్టడంలో సాయపడుతున్నవాణ్ణి కాబట్టి, ఎందుకు వద్దో కొంత వివరంగానే రాస్తాను.

ముందు ఐదు వేల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే ఇటువంటి వ్యవహారాల్లో అమాయకులు చిక్కుకునేది అక్కడే. మీకు సంబంధం లేని అప్పు ఖాతాలో మీ యూపీఐ నుంచి సొమ్ము జమ అయితే, ఆ బాకీని మీరు ఒప్పుకున్నారని వాదించడానికి అవతలి వాళ్లకు ఒక కాగితం దొరుకుతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు అప్పు వసూలుకు దావా వేయడానికి మూడేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువులోగా బాకీదారు సంతకంతో బాకీని ఒప్పుకున్నా, కొంత సొమ్ము కట్టి ఆ సంగతి రాతలో ఉంచినా, మూడేళ్ల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. ఏజెంట్లు "కనీసం ఐదు వందలైనా వేయండి" అని ప్రాధేయపడటం వెనుక ఈ లెక్క కూడా ఉంటుంది. ఇక మీ పాన్ మీద ఎవరో దొంగతనంగా అప్పు తీసుకున్న సందర్భమే అయితే, కొంత కట్టి రాజీ చేసుకోవడం మరింత నష్టం, ఎందుకంటే ఆ ఖాతా మీ క్రెడిట్ రిపోర్టులో పూర్తిగా తీరిన అప్పుగా కాక "సెటిల్డ్" అని నమోదవుతుంది, రేపు మీరు ఇంటి లోన్‌కు వెళ్ళినప్పుడు బ్యాంకు మేనేజరు మొదట చూసేది ఆ మాటనే. పైగా ఆ ఐదు వేలు ఏజెంటు సొంత ఖాతాకు వెళితే అప్పు ఇచ్చిన సంస్థ లెక్కల్లో అసలు కనబడదు.

నంబరు మార్చితే ఫోన్లు ఆగుతాయి గానీ వ్యవహారం ఆగదు. వాళ్లు మీ నాన్నగారి మీదికి, ఆఫీసు హెచ్ఆర్ మీదికి మళ్ళుతారు, మీ దగ్గర ఉండవలసిన కాల్ రికార్డులు, మెసేజ్‌లు చెల్లాచెదురవుతాయి, నిజంగా ఏదైనా నోటీసు వచ్చినా మీకు తెలియకుండా పోతుంది. ఇందులో ఇంకొక విచిత్రం ఉంది. మీరు వదిలేసిన నంబరు 90 రోజుల విరామం తరువాత మరొకరికి వెళ్ళవచ్చు. బెంగళూరుకు కొత్తగా వచ్చి సిమ్ కొనుక్కున్న పిల్లలు ఎవరో తెలియని మనిషి అప్పుకు తిట్లు తినడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఆ నంబరు పాత యజమాని దరఖాస్తులో అలాగే మిగిలిపోయి ఉంటుంది.

అసలు చేయవలసిన పని, మాట్లాడవలసిన మనిషిని మార్చడం. ఏజెంటుకు మీ నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవలసిన అవసరం మీకు లేదు, అతనికి దాన్ని అంగీకరించే అధికారమూ లేదు. అతనికి ఇచ్చిన జాబితాలో మీ నంబరు ఉన్నంత కాలం అతను ఫోన్ చేస్తూనే ఉంటాడు. జాబితా నుంచి తీసేయగలిగేది అప్పు ఇచ్చిన బ్యాంకో ఫైనాన్స్ కంపెనీయో మాత్రమే. కాబట్టి తరువాతి ఫోన్‌లో మీరు రాబట్టవలసినవి కొన్ని వివరాలే: అప్పు ఇచ్చిన సంస్థ పూర్తి పేరు, లోన్ ఖాతా నంబరు, మాట్లాడుతున్న మనిషి పేరు, అతని ఏజెన్సీ పేరు, సంస్థ అతనికి ఇచ్చిన అధికార పత్రం. "ఈ అప్పు నాది కాదు, వివరాలు రాతపూర్వకంగా పంపండి, జవాబు మీ సంస్థకే రాస్తాను" అని చెప్పి ఫోన్ పెట్టేయండి. తెలుగులో మాట్లాడే ఏజెంట్లను మన నంబర్లకు కేటాయించడం మామూలే కనుక, "అన్నా, మన ఊరివాడివే కదా" అన్న పలకరింపుకు కరిగిపోయి సంభాషణ పొడిగించకండి. పుట్టిన తేదీ, పాన్, ఆధార్ చివరి అంకెలు, ఉద్యోగం చేసే కంపెనీ పేరు, ఇవేవీ "వెరిఫికేషన్ కోసం" కూడా చెప్పకూడదు. ఓటీపీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. సంస్థ పేరే చెప్పడానికి నిరాకరించేవాడు వసూలు ఏజెంటు కాదు, మోసగాడని అనుకుని ముందుకు వెళ్ళడం మంచిది.

ఆ తరువాత, ఇది ఏ రకం "నాది కాని అప్పు" అన్నది తేల్చుకోవాలి, ఎందుకంటే ఒక్కో రకానికి తలుపు తట్టవలసిన చోటు వేరు. దానికి మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. అందరూ సిబిల్ అని ఒకే మాట వాడతారు గానీ, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్ అని మన దేశంలో ఈ రిపోర్టులు తయారుచేసే సంస్థలు నాలుగున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. చిన్న యాప్ లోన్లు ఒకదానిలో కనబడి మరొకదానిలో కనబడకపోవచ్చు కనుక నాలుగూ తీసుకోండి. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్పుల జాబితా ఒక్కటే చూసి ఊరుకోకుండా, మీ పేరు మీద ఎవరెవరు విచారించారో తెలిపే ఎంక్వయిరీల పేజీని, మీవిగా నమోదైన చిరునామాలను, ఫోన్ నంబర్లను కూడా చూడండి. మీరు ఎన్నడూ ఉండని చిరునామా అక్కడ కనబడితే అదే మొదటి ఆధారం. అప్పు ఇచ్చే సంస్థలు ఈ సమాచారాన్ని నిర్ణీత వ్యవధుల్లో పంపుతాయి కాబట్టి, చాలా కొత్త అప్పు అయితే కొద్ది రోజుల తరువాత మరొకసారి చూడవలసి ఉంటుంది.

రిపోర్టులో ఏ అప్పూ లేకపోతే, మీరు చెప్పిన క్రమాన్ని బట్టి జరిగింది బహుశా ఇది: మీ రూమ్మేట్ లోన్ దరఖాస్తులో రిఫరెన్సుగా, అంటే తనను ఎరిగిన మనిషిగా, మీ నంబరు ఇచ్చాడు, అతను దొరకకపోయేసరికి ఏజెంటు మీ మీద పడ్డాడు. రిఫరెన్సుకూ షూరిటీకీ మధ్య తేడాను ఏజెంట్లు కావాలనే కలిపేస్తారు. ఒకరి అప్పు తీర్చే పూచీ మీ మీద పడాలంటే మీరు ఆ పూచీకి ఒప్పుకుని ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 126వ సెక్షన్ పూచీకత్తును ఒక ఒప్పందంగానే నిర్వచిస్తుంది. ఆ ఒప్పందం మౌఖికంగానైనా ఉండవచ్చని అదే సెక్షన్ అంటుంది గానీ, బ్యాంకులూ ఫైనాన్స్ కంపెనీలూ సంతకమో, ఓటీపీతో చేసిన ఈ-సంతకమో లేకుండా షూరిటీ తీసుకోవు. కనుక "నేను షూరిటీగా సంతకం చేసిన పత్రం పంపండి" అన్న ఒక్క వాక్యానికి వాళ్ల దగ్గర జవాబు ఉండదు. మీరు ఎప్పుడైనా స్నేహం కొద్దీ అతని ఫోన్‌లో వచ్చిన లింకు మీద మీ ఓటీపీ కొట్టి ఉంటే మాత్రం నాకు చెప్పినా చెప్పకపోయినా మీరు బాగా గుర్తు చేసుకోండి, ఎందుకంటే సహ దరఖాస్తుదారుగా చేరిపోవడం కొన్ని యాప్‌లలో అంత తేలికగా జరుగుతుంది.

ఇక్కడే మరొక సంగతి గమనించండి. మీ రూమ్మేట్ ఎంత బాకీ ఉన్నాడో, ఎన్ని నెలలుగా కట్టలేదో ఏజెంటు మీకు చెప్పడమే తప్పు. రికవరీ ఏజెంట్ల గురించి రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టు 12న ఇచ్చిన ఉత్తర్వు, బాకీదారుల కుటుంబ సభ్యుల, స్నేహితుల, రిఫరెన్సుగా ఇచ్చినవారి ఏకాంతంలోకి చొరబడటాన్ని, నలుగురిలో అవమానించడాన్ని, బెదిరింపు ఫోన్లను, అనుచితమైన మెసేజ్‌లను, అదే పనిగా ఫోన్ చేయడాన్ని, తప్పుడు మాటలతో నమ్మించడాన్ని నిషేధించింది. ఉదయం 8 గంటల ముందు, సాయంత్రం 7 గంటల తరువాత వసూలు కోసం ఫోన్ చేయకూడదని కూడా అదే ఉత్తర్వులో ఉంది. ఏజెంటు చేసిన పనికి సంస్థే బాధ్యత వహించాలని అది స్పష్టంగా చెబుతుంది కాబట్టి, "అది ఏజెన్సీ వాళ్ల తప్పు, మాకు సంబంధం లేదు" అని సంస్థ తప్పించుకోవడానికి వీల్లేదు.

మీ నాన్నగారి నంబరు వాళ్లకు ఎలా చేరింది అన్న ప్రశ్నను తేలికగా వదిలేయకండి. అది రూమ్మేట్ ఫోన్‌లో ఉండి ఉండవచ్చు, మీరు దిగిన పీజీలో అత్యవసర నంబరుగా రాసి ఇచ్చి ఉండవచ్చు, లేదా మీ ఫోన్‌లోనే ఒకప్పుడు ఏదో లోన్ యాప్ పెట్టి తీసేసి ఉండవచ్చు. అప్పు యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టుల జాబితాను, కాల్ వివరాలను, ఫొటోలను చూడకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నాటి డిజిటల్ అప్పుల నిబంధనల్లోనే చెప్పింది, 2025లో ఇచ్చిన ఆదేశాల్లోనూ దాన్ని కొనసాగించింది. మీ కాంటాక్టుల్లో ఉన్న ఇతర బంధువులకు కూడా ఫోన్లు వెళుతున్నట్లయితే దారి మీ ఫోనే అని అర్థం.

రిపోర్టులో నిజంగానే మీ పాన్ మీద అప్పు కనబడితే వ్యవహారం గంభీరమైనదే గానీ, దారి స్పష్టంగానే ఉంటుంది. అప్పు ఇచ్చిన సంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ ద్వారా, వీలైతే రిజిస్టర్డ్ పోస్టు ద్వారా కూడా రాయండి. దరఖాస్తు నకలు, అందులో పెట్టిన ఫొటో, గుర్తింపు పత్రాలు, ఓటీపీ వెళ్ళిన ఫోన్ నంబరు అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పు సొమ్ము ఏ బ్యాంకు ఖాతాలో జమ అయిందో అడగండి. ఎన్ని వాదనలు జరిగినా చివరికి నిలబడేది ఆ ఖాతా వివరమే. సొమ్ము మీ ఖాతాలోకి రాలేదని మీ స్టేట్‌మెంటు చూపించగలిగితే, మిగతా నకిలీ పత్రాలన్నీ వాటంతట అవే బలహీనపడతాయి. అదే సమయంలో రిపోర్టు ఇచ్చిన క్రెడిట్ సంస్థ వెబ్‌సైటులో కూడా అభ్యంతరం నమోదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తరువాతి ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం చెల్లించాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. మొత్తం చిన్నదే, కానీ ఫైలును కదిలించడంలో దాని ప్రభావం చిన్నది కాదు.

అటువంటప్పుడు పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. బెంగళూరులో సైబర్ నేరాలకు సెన్ (సైబర్, ఆర్థిక, మాదకద్రవ్య నేరాల) పోలీస్ స్టేషన్లు విభాగాల వారీగా ఉన్నాయి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటి నుంచే నమోదు చేసి ఆ రసీదు నంబరుతో స్టేషన్‌కు వెళ్ళవచ్చు. 1930 అనే నంబరు ముఖ్యంగా మీ ఖాతా నుంచి డబ్బు పోయినప్పుడు వెంటనే చేయవలసినది. ఇతరుల గుర్తింపును దొంగిలించి వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కిందికి, కంప్యూటరు ద్వారా మరొకరిలా నటించి మోసం చేయడం 66డి కిందికి వస్తాయి. ఒక జాగ్రత్త: ఇది మీ రూమ్మేట్ పనే అని మీకు ఎంత గట్టిగా అనిపించినా, రుజువు లేకుండా ఫిర్యాదులో అతని పేరును నిందితుడిగా రాయవద్దు. "గుర్తు తెలియని వ్యక్తులు" అని రాసి, అతనికి మీ ఆధార్ జిరాక్స్ అందుబాటులో ఉండేదన్న వాస్తవాన్ని వాస్తవంగా మాత్రమే పేర్కొనండి. ఈ నగరంలో అద్దె ఒప్పందానికీ, పీజీకీ, గ్యాస్ కనెక్షన్‌కూ మనం పంచిపెట్టే జిరాక్సులు ఎన్ని చేతుల్లో తిరుగుతాయో ఎవరూ చెప్పలేరు. ఇక మీదట మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, జిరాక్స్ మీద అది ఎందుకోసమో, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూసుకోండి.

సంస్థకు రాసే లేఖ పొడవుగా ఉండనక్కరలేదు. ఇంగ్లీషులో రాసుకున్నా సారం ఇలా ఉంటే చాలు: "మీ తరఫున అంటూ ఈ కింది నంబర్ల నుంచి, ఈ తేదీల్లో, ఈ సమయాల్లో నాకూ మా నాన్నగారికీ ఫోన్లు వచ్చాయి. మీరు చెబుతున్న అప్పును నేను తీసుకోలేదు, దానికి షూరిటీగా గానీ సహ దరఖాస్తుదారుగా గానీ సంతకం చేయలేదు. నా సంతకం ఉన్న పత్రం ఉంటే పంపండి. లేకపోతే నా నంబరును, నా కుటుంబ సభ్యుల నంబర్లను మీ రికార్డుల నుంచి తొలగించి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి." కోపాన్ని లేఖలో పెట్టకండి. మీ ఫిర్యాదును రేపు చదివే అధికారికి తేదీలు కావాలి, విశేషణాలు అక్కరలేదు.

సంస్థ 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకపోయినా, బ్యాంకుల, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్ళవచ్చు. నృపతుంగ రోడ్డులోని కార్యాలయం చుట్టూ తిరగనక్కరలేదు. రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు, సందేహాలకు 14448 ఉంది, రుసుము లేదు. లాయరు ద్వారా పెట్టిన ఫిర్యాదును అసలు స్వీకరించరు కనుక, "అంబుడ్స్‌మన్ కేసు వేసిపెడతాను" అని ఎవరైనా ఫీజు అడిగితే దండం పెట్టి పంపించేయండి. ముందు సంస్థకు రాయకుండా నేరుగా వెళితే ఫిర్యాదు తిరిగి వస్తుంది, అందుకే ఆ మొదటి లేఖ తేదీ అంత ముఖ్యం. అప్పు ఇచ్చినది రిజర్వు బ్యాంకు దగ్గర నమోదు కాని యాప్ అయితే అంబుడ్స్‌మన్ పరిధిలోకి రాదు; దాని మీద రిజర్వు బ్యాంకు సచేత్ పోర్టల్‌లోనూ, పోలీసులకూ ఫిర్యాదు చేయాలి. వడ్డీ వ్యాపారుల, మైక్రో ఫైనాన్స్ సంస్థల బలవంతపు వసూళ్ల మీద కర్ణాటక 2025 ఫిబ్రవరిలో ప్రత్యేకంగా ఆర్డినెన్స్ తెచ్చి పదేళ్ల వరకు జైలు శిక్ష పెట్టింది కాబట్టి, ఇక్కడి స్టేషన్లలో ఇటువంటి ఫిర్యాదులు ఇప్పుడు కొత్త విషయమేమీ కాదు.

వాట్సాప్ నోటీసు విషయానికి వస్తే, లాయరు పంపినది కోర్టు పంపినది కాదు. కోర్టులో కేసు నిజంగా ఉంటే దానికి 16 అక్షరాల, అంకెల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో కొడితే వివరాలు కనబడతాయి. అప్పు కట్టనంత మాత్రాన పోలీసులు వచ్చి పట్టుకుపోవడం ఉండదు. చెక్కు బౌన్సు అయితే కథ వేరు, కానీ మీరు చెక్కే ఇవ్వలేదు. లోక్ అదాలత్ పేరుతో వచ్చే పిలుపుల్లో కొన్ని నిజమైనవే అయినా, అక్కడ రాజీకి మీరు ఒప్పుకోకపోతే ఎవరూ బలవంతం చేయలేరు. నేను గట్టిగా హెచ్చరించేది ఒక్క ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి జరిపే విచారణ) నోటీసు గురించే. దాన్ని నకిలీ అనుకుని పక్కన పడేస్తే, మీరు లేకుండానే తీర్పు ఇచ్చి, దాన్ని కోర్టు డిక్రీలాగా అమలు చేయించుకునే అవకాశం 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టంలో ఉంది. అటువంటిది వస్తే "మా మధ్య ఏ ఒప్పందమూ లేదు" అని గడువులోగా రాతలో జవాబివ్వండి, ఆ దశలో ఒక లాయరును కలవడం డబ్బు దండగ కాదు. స్తోమత చాలకపోతే ఉచిత న్యాయ సహాయానికి 15100 ఉంది.

చివరగా మీ నాన్నగారి సంగతి. కొడుకు అప్పు తండ్రి తీర్చాలనో, తండ్రి అప్పు కొడుకు తీర్చాలనో మన ఇళ్లలో ఉన్న భావనను ఏజెంట్లు బాగా వాడుకుంటారు. పూచీ పడకపోతే బతికున్న మేజరు కొడుకు అప్పుకు తండ్రి బాధ్యుడు కాడు. తండ్రి అప్పును ధర్మంగా తీర్చవలసిన బాధ్యత హిందూ కొడుకు మీద ఉందన్న పాత సూత్రాన్ని కూడా 2005 సెప్టెంబరు 9 నుంచి చేసిన అప్పుల విషయంలో వారసత్వ చట్ట సవరణ తీసేసింది. ఇప్పుడు వారసుడికి సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యత. ఆయనకు ఇదంతా వివరించనక్కరలేదు, "మా అబ్బాయి మీ కంపెనీకి రాస్తున్నాడు, నాతో మాట్లాడేదేమీ లేదు" అని ఒక్క మాట చెప్పి పెట్టేయమనండి. వాళ్లు ఇంటికి వస్తామని గానీ, పరువు తీస్తామని గానీ బెదిరిస్తే ఆయన కదిరి స్టేషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల (కాగ్నిజబుల్) నేరమైతే అది ఏ ప్రాంతంలో జరిగినా సమాచారాన్ని నమోదు చేసుకోవాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతుంది. ప్రతి ఫోన్ వచ్చిన నంబరునూ, సమయాన్నీ ఒక పుస్తకంలో రాసి, వారానికొకసారి ఫొటో తీసి మీకు పంపమని ఆయనకు చెప్పండి, ఆ పేజీలను మీ లేఖకు జత చేయండి.